పాతబడిన రేపు

పిల్లలూ!

ఈ నెల మీకు ముందుగా ఒక పొడుపుకథ వేస్తాను. కట్టిననాడు దానికన్నా కొత్తది లేదు. దాని రోజు రాగానే దానికన్నా పాతది లేదు. ఏమిటది?

తొందరపడకండి. జవాబు నేనే చెబుతాను గాని, ముందు మనమంతా ఒకసారి విజయనగరం వెళ్ళివద్దాం.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీలో చాలామంది చూసే ఉంటారు. విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారంనాడు ఊరంతా జనం. పొడవాటి చింతమాను కొసన పూజారిగారు కూర్చుంటారు. మాను గాలిలోకి లేస్తుంది. అమ్మవారి గుడి దగ్గరనుంచి కోటదాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. కిందినుంచి జనం అరటిపళ్ళు విసురుతారు. ఆ మాను అట్లా ఊగుతూ పోతుంటే చూసేవాళ్ళ గుండెలు కూడా ఊగుతాయి!

నా చిన్నతనంలో ఆ జాతరకు వెళితే నాకు మరొక వింత కూడా కావలసి ఉండేది. అది ఫొటోలవాడి గుడారం. అందులో చెక్కమీద రంగులు వేసిన ఒక విమానం ఉండేది. దాని కిటికీ కన్నంలో మొహం పెడితే, మనం ఆకాశంలో ఎగురుతున్నట్లు ఫొటో వచ్చేది. అప్పట్లో మా వీధిలో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. అందుచేత ఆ చెక్క విమానమే మాకు “రేపు”. పెద్దయితే మేమూ ఎక్కుతామని ఆ కన్నంలోనుంచి లోకాన్ని చూసి అనుకునేవాళ్ళం.

ఈమధ్య మా మనమణ్ణి తీసుకుని జాతరకు వెళ్ళాను. అలాంటి గుడారమే ఒకటి కనబడింది. అలాంటి విమానమే! నాకు పట్టరాని సంతోషం కలిగింది. మా మనమడు మాత్రం మొహం పెట్టనన్నాడు.

“ఇది పాతది, తాతయ్యా!” అన్నాడు.

పాతది కాక మరేమిటి? అదే జిల్లాలో, భోగాపురంలో, పెద్ద విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగింది. చెక్క విమానం వాడికి వింత ఎట్లా అవుతుంది?

ఫొటోలాయన నవ్వి, “ఏటి చేస్తాం బాబూ! రాకెట్టు బొమ్మ కూడా వేయించాను. రెండేళ్ళు ఆడింది. ఇప్పుడదీ పాతదే అంటన్నారు. ఏటేటా కొత్త రేపు ఎక్కడినుంచి తెత్తాను?” అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుని వదలలేదు. చూశారా! సిరిమాను ఎన్నేళ్ళయినా అట్లాగే వస్తున్నది. దాన్ని చూసి పాతదని పెదవి విరిచిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. ఎందుకంటే, “రేపు ఇట్లా ఉంటుంది” అని అది ఎవరికీ మాట ఇవ్వలేదు. విమానం బొమ్మ మాట ఇచ్చింది. మాట ఇచ్చిన రేపు వచ్చేసింది. బొమ్మ పాతబడిపోయింది.

ఇప్పుడు పొడుపుకథ విప్పారు కదూ? కట్టిననాడు కొత్తది, దాని రోజు రాగానే పాతది – “రేపటి బొమ్మ”.

మన ఫొటోలాయనకు వచ్చిన చిక్కే, లోకంలోకెల్లా పేరుపొందిన ఒక వినోదాల తోటకు కూడా వచ్చింది. ఆయన పోగొట్టుకునేది ఒక చెక్క, కొంచెం రంగు. వాళ్ళు పోగొట్టుకున్నది కోట్లకొలది డబ్బు. ఆ కథ వినండి.

అమెరికా దేశంలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్ అనే ఊళ్ళో నారింజ తోటలు కొట్టివేసి వాల్ట్ డిస్నీ అనే ఆయన ఒక వినోదనగరం కట్టించాడు. మిక్కీ మౌస్ బొమ్మల సినిమాలు తీసినాయన ఈయనే. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. అందులో ఒకచోట పాతకాలపు వీధి, ఒకచోట అడవి, ఒకచోట కథల్లోని రాకుమారి కోట. వీటితోపాటు “టుమారోలాండ్” అని ఒక భాగం ఉన్నది. మన మాటల్లో చెప్పాలంటే “రేపటి లోకం”. అక్కడ అడుగుపెట్టినవాళ్ళు 1986వ సంవత్సరంలో అడుగుపెట్టినట్లే అనుకోవాలి. అంటే ముప్ఫయి ఒక్క ఏళ్ళు ముందుకు దూకినట్లన్నమాట!

అక్కడ ఏమేమి ఉండేవో తెలుసా? ఎత్తయిన తెల్లని రాకెట్టు నిలబెట్టారు. పక్కన గుండ్రని గదిలో కుర్చీలు. మీరు కూర్చోగానే నేలమీద ఒక తెర, పైకప్పులో ఒక తెర వెలుగుతాయి. కింది తెరలో భూమి చిన్నదవుతూ పోతుంది. పై తెరలో చంద్రుడు పెద్దవాడవుతూ వస్తాడు. చంద్రుణ్ణి ఒకసారి చుట్టి వెనక్కు వచ్చేస్తారు. గుర్తుంచుకోండి – అప్పటికి మనిషి ఒక్క ఉపగ్రహాన్నయినా ఆకాశంలోకి పంపలేదు. సోవియట్ దేశంవారి మొదటి స్పుత్నిక్ ఎగిరినది 1957 అక్టోబరు 4న. అందుచేత ఆ కుర్చీలో కూర్చున్న పిల్లలకు ఒళ్ళు ఝల్లుమనేది.

1957లో ఒక వింత ఇల్లు కూడా కట్టారు. దాని పేరు “భవిష్యత్తు ఇల్లు”. గోడలు ప్లాస్టిక్, నేల ప్లాస్టిక్, కుర్చీలు ప్లాస్టిక్. నడుమ ఒక దిమ్మ, దాని మీదినుంచి నాలుగు వైపులా నాలుగు రెక్కల్లాగా గదులు గాలిలోకి చాచుకుని ఉండేవి. లోపల మైక్రోవేవ్ పొయ్యి, గోడకు తగిలించిన టెలివిజన్, మాట్లాడేవాళ్ళ మొహం కనిపించే టెలిఫోను! వెళ్ళినవాళ్ళంతా నోళ్ళు తెరిచి చూశారు.

మరి ఆ తరువాత ఏమయింది? రేపు నడిచి వచ్చింది.

1967లో రేపటి లోకాన్ని చాలావరకు కొత్తగా కట్టారు. చంద్రయాత్రను కూడా మెరుగుపరిచారు. రెండేళ్ళయినా గడవలేదు, 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ నిజంగానే చంద్రుడిమీద కాలుపెట్టారు. లోకమంతా టెలివిజన్‌లో చూసింది. నిజమైన చంద్రుణ్ణి ఇంట్లో కూర్చుని చూసిన పిల్లవాడు, బొమ్మ చంద్రుణ్ణి చూడటానికి డబ్బిచ్చి కుర్చీలో కూర్చుంటాడా? అందుచేత 1975లో చంద్రుణ్ణి తీసివేసి, అదే గదికి “అంగారక యాత్ర” అని పేరు మార్చారు. మన ఫొటోలాయన విమానాన్ని తీసి రాకెట్టు పెట్టాడే, అచ్చం అట్లాగే! అదీ 1992లో మూతపడింది.

ప్లాస్టిక్ ఇంటి సంగతి ఇంకా చిత్రం. 1967లో దాన్ని పడగొట్టబోయారు. పెద్ద ఇనుపగుండును గొలుసుకు కట్టి ఊపి గోడను కొడితే, గుండు ఎగిరి వెనక్కు వచ్చిందట! ఒక్కరోజులో అయిపోతుందనుకున్న పని రెండు వారాలు పట్టింది. ముక్కలు ముక్కలుగా కోసి తీయవలసి వచ్చింది. పిల్లలూ, నాకు ఆ ఇల్లు తలుచుకున్నప్పుడల్లా ఒక సంగతి తోస్తుంది. ఆ ఇల్లు ఉన్న పదేళ్ళూ ప్లాస్టిక్ ఎంత గొప్పదో చెప్పింది. ప్లాస్టిక్‌ను వదిలించుకోవటం ఎంత కష్టమో మాత్రం పడగొట్టిననాడే చెప్పింది! ఆ రెండో సంగతి మన కళింగపట్నం ఒడ్డునో, భీమిలి ఒడ్డునో ఇసుకలో చెయ్యి పెట్టిన ఏ పిల్లవాడికైనా ఈనాడు తెలుసు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఇల్లు చెప్పినవి చాలావరకు నిజమయినవి. మొహం కనిపించే టెలిఫోను ఈనాడు మీ ఇంట్లోనూ ఉన్నది. కాని ఆ టెలిఫోను, టెలివిజన్, కెమెరా మూడూ కలిసి ఒక్క చొక్కా జేబులో పడతాయని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చూపలేదు.

ఇక్కడ ఒక తమాషా చూడండి. వాళ్ళు ఎంచుకున్న 1986వ సంవత్సరంలోనే హేలీ తోకచుక్క కూడా మనకు కనిపించింది. ఎడ్మండ్ హేలీ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు న్యూటన్ చెప్పిన సూత్రాలతో లెక్కకట్టి, ఈ చుక్క 1758లో మళ్ళీ వస్తుందని 1705లోనే ప్రకటించాడు. ఆయన 1742లో చనిపోయాడు. తోకచుక్క మాత్రం మాట తప్పలేదు. 1758 క్రిస్మసునాడు దూరదర్శినిలో కనిపించింది! అటు తరువాత 1835లో, 1910లో, 1986లో వచ్చింది. మళ్ళీ 2061లో వస్తుంది.

మరి తోకచుక్క రేపును అంత బాగా చెప్పగలిగిన మనిషి, తన రేపును ఎందుకు చెప్పలేకపోయాడు?

తోకచుక్కకు ఇష్టాయిష్టాలు లేవు. సూర్యుడు లాగినట్లు అది తిరుగుతుంది. మనుషులు అట్లా కాదు. ఈ వస్తువు వాడదాం, ఆ వస్తువు మానేద్దాం, ఈ దారి మంచిది, ఆ దారి చెడ్డది అని రోజూ ఎంచుకుంటూ ఉంటారు. అందుచేత మన రేపు ముందే గీసిపెట్టిన గీత కాదు. మనం నడుస్తుంటే పడే దారి.

సరే, పాతబడిన రేపును డిస్నీలాండ్‌వాళ్ళు ఎట్లా బాగుచేయబోయారో చూద్దాం. మూడు మందులు వేశారు.

మొదటి మందు – ఇంకా కొత్తది, ఇంకా వేగమైనది పెట్టటం. 1967లో ఎత్తయిన పట్టాలమీద నెమ్మదిగా జనాన్ని తిప్పే చిన్న బండ్లు పెట్టారు. 1995లో వాటిని ఆపేశారు. 1998లో అవే పట్టాలమీద రాకెట్లలాంటి వేగం బండ్లు పరుగెత్తించారు. కాని ఆ పట్టాలు నెమ్మదిబండ్ల కోసం వేసినవి. మలుపుల దగ్గర వేగానికి తగినట్లు ఏటవాలుగా లేవు. సైకిలు తొక్కేటప్పుడు మలుపులో మీరు లోపలివైపు వంగుతారు కదూ? పట్టా కూడా అట్లా వంగి ఉంటేనే బండి వేగంగా తిరగగలదు. వంపు లేకపోయేసరికి మలుపు మలుపుకూ బండ్లు వేగం తగ్గించాలి, మళ్ళీ పెంచాలి. ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు. 2000కే అవి ఆగిపోయినవి. అటుపైన ఆ పట్టాలమీద మరే బండీ తిరగలేదు. పాత ఇంటిమీద కొత్త మేడ లేపేవాళ్ళు ముందు పునాది చూసుకోవాలి!

రెండో మందు – రేపును వదిలి, నిన్నటివాళ్ళు కన్న రేపటి కలను చూపటం. 1992లో పారిస్ దగ్గర కొత్తగా కట్టిన పార్కులో “రేపటి లోకం” పేరే పెట్టలేదు. జూల్స్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత, వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత తమ కాలంలో ఊహించిన నౌకలూ, యంత్రాలూ చూపారు. అది తెలివైన ఉపాయమే. పాత కల మళ్ళీ పాతబడదు కదా! 1998లో కాలిఫోర్నియాలో కూడా తెల్లని కట్టడాలకు ఇత్తడి, రాగి రంగులు వేసి, అలంకారపు మొక్కలకు బదులు తినే కాయలూ, కూరలూ కాసే మొక్కలు నాటారు. మొక్కలు బాగానే ఉన్నవి గాని ముదురు రంగులు జనానికి నచ్చలేదు. కొన్నేళ్ళకే మళ్ళీ తెలుపు వేయసాగారు.

మూడో మందు – సినిమా కథలు తెచ్చి పెట్టటం. 1959లో అక్కడి కృత్రిమ సరస్సులో జలాంతర్గాములు నడిపారు. అంతకు ముందు ఏడే, నాటిలస్ అనే అమెరికా అణు జలాంతర్గామి ఉత్తర ధ్రువపు మంచుకింద నుంచి ప్రయాణం చేసింది. ఇక జనం ఎగబడరూ? కాని కాలం గడిచి 1998లో ఆ నౌకలు ఆగిపోయినవి. 2007లో తిరిగి కదిలాయి. ఎట్లాగంటారా? నీమో అనే చేపపిల్ల సినిమాకథను నీటిలో చూపుతూ! పిల్లలకు సంతోషమే. కాని చేపపిల్ల కథకూ, రేపటికీ సంబంధమేమిటి?

జలాంతర్గామి అనగానే మీకు విశాఖపట్నం గుర్తుకొచ్చి ఉండాలి. రామకృష్ణా బీచిలో ఒడ్డున కూర్చున్న ఐ.ఎన్.ఎస్. కుర్‌సురా! దాని పొడవు దాదాపు 91 మీటర్లు. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001లో విశ్రాంతి తీసుకున్నది. 2002లో ఒడ్డుకు లాగి ప్రదర్శనశాల చేశారు. ఆ కాలానికి అదీ “రేపే”. ఈనాడు పాతది. కాని ఎవరూ దానికి కొత్త రంగుల కథలు తగిలించలేదు. వంగి గుండ్రని ద్వారాలు దాటుతూ లోపలికి పోతారు. నౌకాదళంలో పనిచేసినవాళ్ళు చెబుతారు – ఇక్కడ నిద్రపోయేవాళ్ళు, ఇక్కడ వండుకునేవాళ్ళు, ఇక్కడినుంచి టార్పెడో వదిలేవాళ్ళు అని. నాటకం లేదు. నిజం ఉన్నది. అందుకే అది పాతదయినా వెలవెలబోలేదు.

రేపటి లోకంలో కూడా నిలిచినవి లేకపోలేదు. 1955లోనే పిల్లలు తాము స్వయంగా నడిపే చిన్న కార్లు పెట్టారు. అవి ఇన్నేళ్ళూ నిలిచినవి. ఎందుకు? చక్రం పిల్లవాడి చేతిలో ఉన్నది గనక! కూర్చుని చూసే చంద్రయాత్ర పాతబడింది. చేత్తో నడిపే బండి పాతబడలేదు. కాని ఆ బండ్ల పెట్రోలు పొగ మాత్రం పాతబడింది. ఆ ఇంజన్లను తీసివేస్తామని 2024లో ప్రకటించారు. మన ఊళ్ళలో కరెంటు ఆటోలు తిరుగుతుంటే, రేపటి లోకంలో పొగబండ్లు ఉంటే నవ్వరూ మరి!

పిల్లలూ, ఇదంతా చదివాక నాకు తోచిన మాట ఇది. రేపును బొమ్మగా కడితే పాతబడుతుంది. పనిగా కడితే పాతబడదు.

మన శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో మనమే ఒక “రేపటి లోకం” కడతామనుకోండి. అందులో ఏమి పెట్టాలి? ఎగిరే కార్లు, మెరిసే మేడలు పెడితే మీ తమ్ముళ్ళకే పాతబడతాయి. నేనయితే ఇంకా తేలని ప్రశ్నలు పెడతాను.

ఉద్దానం సంగతి మీకు తెలుసు. కొబ్బరి, జీడి తోటల చల్లని సీమ. అక్కడ ఎంతోమందికి ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు వస్తున్నది. నీరా, వేడిలో నీళ్ళు తాగకుండా పనిచెయ్యటమా, మరొకటా – కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ జబ్బుకోసమే ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మన రేపటి లోకంలో మొదటి గది ఇదే కావాలి. గోడమీద “ఇంతవరకు తెలిసినది” అని ఒకవైపు, “ఇంకా తెలియనిది” అని ఒకవైపు. పిల్లలు తమ ఊరి బావినీళ్ళు సీసాలో తెచ్చి అక్కడ పరీక్ష చేసుకోవాలి.

రెండో గది తుఫానుది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలినవి. కొబ్బరిమొక్క మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. తుఫాను ఎటు వస్తుందో శాస్త్రజ్ఞులు ముందుగా చెప్పగలుగుతున్నారు. కాని గాలికి తట్టుకునే తోట ఎట్లా వెయ్యాలి? అది రేపటి ప్రశ్న.

ప్రతి ప్రశ్న పక్కనా తేదీ వేయాలి. జవాబు దొరికిననాడు ఆ గదిని పడగొట్టనక్కరలేదు. “ఫలానా ఏడు తేలింది” అని రాసి, కుర్‌సురా లాగా జ్ఞాపకంగా ఉంచి, పక్కన కొత్త ప్రశ్నకు గది కట్టుకోవచ్చు.

ఈ ఆలోచన మన ఫొటోలాయనకు కూడా చెప్పాను. “అట్లయితే ఖాళీ పలక, రంగులు పెట్టేయండి. పిల్లలే బొమ్మ వేసుకుని ఫొటో దిగుతారు” అన్నాడు మా మనమడు. ఆయన తల గోక్కుని, “ఖాళీ పలక ముందు ఎవరు దిగుతారు బాబూ? నా పొట్ట గడవొద్దేటి?” అన్నాడు. ఆ మాటా నిజమే. ప్రశ్నలకు టిక్కెట్టు కొనే జనాన్ని కూడగట్టటం చిన్న పని కాదు. డిస్నీలాండ్‌వాళ్ళు చేపపిల్ల కథను తెచ్చుకున్నది కూడా పొట్టకోసమే కదా! అందుచేత మా మనమడు అప్పటికప్పుడు బేరమాడాడు. విమానం చెక్క వెనకవైపు ఖాళీగా ఉన్నది. అటువైపు వాడు సుద్దతో ఒక ఇల్లు గీశాడు – పక్కన ఒక బావి, బావి దగ్గర సీసా పట్టుకున్న పిల్ల. దాని ముందు నిలబడి ఫొటో దిగాడు. ఆయన డబ్బులు మామూలుగానే తీసుకున్నాడు!

ఇక మీ పని చెబుతాను. ఒక కాగితం తీసుకోండి. పైన “2061” అని రాయండి. హేలీ తోకచుక్క తిరిగివచ్చే ఏడు. ఇప్పుడు పదేళ్ళవాళ్ళకు అప్పటికి నలభై దాటుతాయి. మీ పిల్లలకు మీరే వేలితో చూపిస్తారు. ఎడమవైపు, ఆ నాటికి మీ ఊళ్ళో ఏమి ఉంటుందనుకుంటారో బొమ్మ వెయ్యండి. కుడివైపు, ఆ నాటికి తేలవలసిన ప్రశ్న ఒక్కటి రాయండి. ఆ తరువాత మీ మామ్మనో తాతనో, “నీ చిన్నప్పుడు రేపు ఎట్లా ఉంటుందనుకున్నావు?” అని అడిగి, వాళ్ళు చెప్పినది వెనకవైపు రాసుకోండి. కాగితాన్ని జాగ్రత్తగా దాచండి.

2061లో తీసి చూసినప్పుడు ఎడమవైపు బొమ్మను చూసి మీరు తప్పక నవ్వుతారు. కుడివైపు ప్రశ్నను చూసినప్పుడు నవ్వుతారా, తల దించుకుంటారా అన్నది మాత్రం ఈనాటినుంచీ మీ చేతిలో ఉన్నది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.